మెట్టినింట నిలిచిన పాట: జపాను గగాకు వాద్యసంగీత చరిత్ర

ఒకనాడు భాషాచరిత్ర తరగతిలో పాఠం పక్కన పెట్టి, మేము జపాను దేశపు ప్రాచీన వాద్యసంగీతం రికార్డు ఒకటి వినిపించాం. మొదట ఒక పిల్లనగ్రోవి ఒంటరిగా పలికింది. కొంతసేపటికి డోలు మీద ఒక దెబ్బ పడింది. ఇక రెండోది పడదేమో అనుకొనేటంత సేపటికి రెండో దెబ్బ పడింది. ఇంతలో మన సన్నాయిని తలపించే ఒక గొంతు, దాని వెనక వెలుతురు పరుచుకొన్నట్లు సాగే మరొక నాదం వచ్చి చేరాయి. పాట ముగిసేసరికి వెనక బల్లల మీదివాళ్ళు కునికిపాట్లు పడుతున్నారు. ముందు వరసలో ఉన్న ఒక విద్యార్థిని మాత్రం, "ఇంత నెమ్మదిగా ఎందుకు వాయిస్తారండీ? మొదటినుంచీ ఇంతేనా, మధ్యలో ఇట్లా అయిందా?" అని అడిగింది.

ఆ అమ్మాయిది ఎన్నో తరాల కిందట తమిళదేశం చేరి అక్కడే స్థిరపడిన కుటుంబం. అంతకు కొద్దిరోజుల ముందే, కోస్తా నుంచి వచ్చిన చుట్టాలు ఆమె మాట విని నవ్వి "మీది అసలు తెలుగు కాదమ్మా" అన్నారని మా దగ్గర చెప్పుకొని నొచ్చుకొంది. ఆ బాధా ఈ ప్రశ్నా ఒకటేనని ఆనాడు మాకు తోచింది. పుట్టినచోటు విడిచి వెళ్ళిన విద్య మెట్టినచోట తరతరాలు బతికితే అది అసలుదేనా? అందులో నిలిచింది ఏమిటి, మారింది ఏమిటి? కర్ణాటకలో, తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రలో, యానాంలో ఉంటూ తెలుగు చదువుకొంటున్న మీలో ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. జపాను సంగీతచరిత్రలో దీనికి పనికివచ్చే సమాధానం ఉంది. సుమారు 1,300 సంవత్సరాల లెక్క అక్కడ కాగితం మీద దొరుకుతుంది కాబట్టి, ఆ చరిత్రను కొంత వివరంగా చెప్పుకొందాం.

వాద్యాలు

ఈ సంగీతం పేరు గగాకు. ఉదాత్తమైన సంగీతమని అర్థం. దీనిలో రెండు పద్ధతులు ముఖ్యమైనవి. తంత్రీవాద్యాలు కూడా చేర్చి కూర్చుని వాయించే కచేరీని కంగెన్ అంటారు. నాట్యానికి తోడుగా వాయించేదాన్ని బుగాకు అంటారు. బుగాకులో సాధారణంగా తంత్రులు ఉండవు. ఊపిరితో పలికే వాద్యాలు, కొట్టి పలికించే వాద్యాలు మాత్రమే ఉంటాయి. మేము వినిపించినది ఈ రెండో రకం.

ఊదే వాద్యాలు మూడు. ర్యూతెకి అడ్డంగా పట్టి ఊదే వెదురు పిల్లనగ్రోవి. దానికి 7 రంధ్రాలు, పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. పేరుకు నాగవేణువు అని అర్థం. హిచిరికి సుమారు 18 సెంటీమీటర్ల చిన్న వెదురుగొట్టం. ముందు 7, వెనక 2 రంధ్రాలు ఉంటాయి. సన్నాయికి పెట్టినట్లే దీనికీ జంటరేకుల పీక పెడతారు. వాయించేముందు ఆ పీకను వేడి తేనీటిలో నానబెట్టడం ఆచారం. ఇంత చిన్న వాద్యం ఎంత గట్టిగా మోగుతుందంటే, 1000 ప్రాంతంలో రాణివాసంలో ఉండిన రచయిత్రి సేయి షోనగోన్, దాని మోత శరత్కాలపు కీచురాళ్ళ రొదలాగా ఉందని విసుక్కొంది. మూడోది షో. ఒక గిన్నె చుట్టూ గుచ్చి నిలబెట్టిన 17 వెదురుగొట్టాల వాద్యం ఇది. వాటిలో రెండు మోగవు. మిగిలిన 15 గొట్టాల అడుగున సన్నని లోహపు నాలుకలు ఉంటాయి. ఊదినా మోగుతుంది, ఊపిరి లోపలికి పీల్చినా మోగుతుంది. అందువల్ల నాదం తెగదు. అయిదారు స్వరాలు ఒకేసారి పలుకుతాయి. ఊపిరి తడి లోహపు నాలుకలకు పట్టకుండా, వాయించేవారు పక్కనే కుంపటి పెట్టుకొని మాటిమాటికీ వాద్యాన్ని కాచుకొంటారు. షో ఆకాశపు వెలుగనీ, హిచిరికి భూమి మీది మనిషి గొంతనీ, ర్యూతెకి రెంటి మధ్య తిరిగే నాగమనీ వాద్యకారులు చెప్పుకొంటారు.

కొట్టే వాద్యాలు కూడా మూడే. కక్కో అనే చిన్న డోలును రెండు పుల్లలతో రెండు వైపులా వాయిస్తారు. తైకో అనే పెద్ద డోలును చట్రానికి వేలాడదీస్తారు. షోకో చిన్న కంచుపళ్ళెం. ఈ బృందానికి చేతులు ఊపి నడిపే నాయకుడు లేడు. కక్కో పట్టుకొన్నవాడే నడక నిర్ణయిస్తాడు, తక్కినవాళ్ళు అతని చెయ్యి విని ఊపిరి తీసుకొంటారు.

నేర్చుకొనే పద్ధతి కూడా గమనించదగింది. శిష్యుడికి మొదట వాద్యం చేతికి ఇవ్వరు. గురువు ఎదుట కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ, వాద్యం పలికే పలుకును చి, రా, రో, రు వంటి అక్షరాలతో నోటితో పాడాలి. దీనిని షోగా అంటారు. మన మృదంగ విద్యార్థి చేత ముందు పాటాక్షరాలు నోటితో చెప్పించినట్లే ఇది. రాతప్రతి ఉన్నా అది గుర్తుకు మాత్రమే పనికివస్తుంది. అసలు విద్య నోటినుంచి నోటికి సాగుతుంది.

వలస వచ్చిన రాగాలు

ఈ వాద్యాలేవీ జపానులో పుట్టినవి కావు. 720 లో పూర్తయిన నిహోన్ షోకి అనే చరిత్రగ్రంథం, ఒక చక్రవర్తి అంత్యక్రియలకు కొరియాలోని సిల్లా రాజ్యం 80 మంది వాద్యకారులను పంపిందని చెబుతుంది. సంప్రదాయపు లెక్క ప్రకారం అది 453. ఆ గ్రంథమే 612 లో కొరియాలోని పెక్చే రాజ్యం నుంచి మిమాషి అనే కళాకారుడు వచ్చి, గిగాకు అనే ముసుగుల నాట్యం పిల్లలకు నేర్పాడని కూడా చెబుతుంది. 701 నాటి తాయిహో శాసనసంహిత కింద ఆస్థానంలో గగాకుర్యో అనే సంగీతశాఖ ఏర్పడింది. చైనా, కొరియా సంగీతాలకు అక్కడ వేరువేరుగా గురువులు ఉండేవారు. 9వ శతాబ్దంలో ఈ సంగీతాన్నంతా రెండు పాయలుగా సర్దారు. చైనా నుంచీ దక్షిణదేశాల నుంచీ వచ్చినది తోగాకు, ఎడమ పక్షం. కొరియా మీదుగా వచ్చినది కోమగాకు, కుడి పక్షం. నేటికీ ఎడమ పక్షం నాట్యకారులు ఎర్రని ఛాయల దుస్తులు, కుడి పక్షంవారు పచ్చని ఛాయల దుస్తులు వేసుకొంటారు. కుడి పక్షంలో ర్యూతెకికి బదులు 6 రంధ్రాల కోమాబుయే ఉంటుంది, షో ఉండదు.

పేరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. గగాకు అని జపానువారు చదివే రెండు అక్షరాలనే చైనాలో యాయుయే అని చదువుతారు. అక్కడ ఆ పేరు కన్ఫ్యూషియస్ సంప్రదాయపు క్రతువుల్లో వాయించే సంగీతానిది. జపానుకు ప్రధానంగా వచ్చిపడింది ఆ క్రతుసంగీతం కాదు, తాంగ్ వంశపు ఆస్థానంలో విందుల వేళ వాయించిన వినోదసంగీతం. సరుకు ఒకటి, దానికి అతికిన పేరు ఇంకొకటి. అదే అక్షరాల జంట కొరియాలోను వియత్నాంలోను మరి వేరే సంగీతాలకు పేరయింది. అర్థవిపరిణామం పాఠంలో ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తెలియదు. వలస వెళ్ళిన మాట పాత అర్థాన్ని మూటగట్టుకొని వెళ్ళాలన్న నియమం లేదు.

752: ఒక భారతీయుడి చేతి కుంచె

మన దేశానికి ఈ కథతో ఉన్న సంబంధం ఇక్కడ చెప్పాలి. 736 లో బోధిసేనుడనే భారతీయ బౌద్ధ భిక్షువు చైనా మీదుగా జపాను చేరాడు. అదే ప్రయాణంలో రిన్‌యూ దేశం నుంచి బుత్తెత్సు అనే భిక్షువు కూడా వచ్చాడు. రిన్‌యూ అంటే నేటి వియత్నాం మధ్యభాగంలోని చంపా అని ఎక్కువమంది అభిప్రాయం. 752 లో నారా నగరంలోని తోదైజి ఆలయంలో మహాబుద్ధుడి కంచువిగ్రహానికి నేత్రోన్మీలనం జరిగినప్పుడు కుంచె పట్టి కన్నులు దిద్దినవాడు బోధిసేనుడే. ఆ కుంచెకు పొడవాటి దారం కట్టి, ఆ పుణ్యంలో పాలు కోసం తక్కినవారు దారం పట్టుకొని నిలబడ్డారు. ఆ ఉత్సవంలో చైనా, కొరియా, రిన్‌యూ సంగీతాలు, గిగాకు, జపాను దేశీయ నృత్యాలు అన్నీ జరిగాయి. ఆ కుంచె, ఆ దారం, ఆనాటి వాద్యాలు, ముసుగులు ఒకప్పుడు తోదైజికి చెందిన షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. ఇంత పాత కచేరీకి సంబంధించిన సామాను ఇంత పదిలంగా మిగలడం అరుదు.

బోధిసేనుడూ బుత్తెత్సూ తెచ్చారని సంప్రదాయం చెప్పే నాట్యాల్లో కర్యోబిన్ ఒకటి. నలుగురు పిల్లలు వీపుకు రెక్కలు కట్టుకొని, చేతుల్లో చిన్న తాళాలు మోగిస్తూ ఆడతారు. కర్యోబిన్ అంటే మన బౌద్ధగ్రంథాల్లోని కలవింక పక్షి. సంస్కృతపు మాట చైనా లిపిలోకి, అక్కడినుంచి జపాను నోటికి చేరి అట్లా అయింది.

బోధిసేనుడు 760 లో మరణించాడు. 770 లో ఒక శిష్యుడు రాసిన స్మారకలేఖనం శీర్షికలోనే అతణ్ణి దక్షిణ భారతదేశపు బ్రాహ్మణుడని పేర్కొన్నాడు. ఈ మాట చెప్పగానే తరగతిలో "అయితే తెలుగువాడా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. దక్షిణ భారతం అన్నంత మాత్రాన ఆంధ్రుడని చెప్పుకొనే హక్కు మనకు రాదు. పెద్దవాళ్ళందరినీ మనవాళ్ళుగా కలిపేసుకొనే అలవాటు చరిత్ర విద్యార్థికి పనికిరాదు.

అయితే మనకు పరిచయమైన వస్తువు ఇంకొకటి ఆ దేశంలో కనిపిస్తుంది. జపాను అక్షరమాల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. పూర్వపు ఉచ్చారణలో స వరస చ కు దగ్గరగాను, హ వరస ప గాను ఉండేవని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయం. ఆ లెక్కన క, చ, త, న, ప, మ, య, ర, వ అని చదివి చూడండి. మన బడిపిల్లల పలక మీది వరసే. బౌద్ధ భిక్షువులు సిద్ధం లిపిలో సంస్కృతం చదివిన ఫలితం ఇది. దీని తొలి రూపం 11వ శతాబ్దం మొదటి రోజుల ప్రతిలో కనిపిస్తుంది. షోగా అక్షరాలను నేటి జపాను పిల్లలు రాసుకొనేది ఈ వరసలో నేర్చిన లిపితోనే.

ఊళ్ళూ వంశాలూ

తాంగ్ సామ్రాజ్యం 907 లో అంతమయింది. అంతకు ముందే 755 లో మొదలైన అన్ లుషాన్ తిరుగుబాటుతో అక్కడి ఆస్థాన సంగీతశాలలు దెబ్బతిన్నాయి. ఆ వాద్యాల వారసులు షెంగ్, గువాన్ అనే పేర్లతో చైనాలో నేటికీ మోగుతున్నా, ఆనాటి విందుసంగీతం మాత్రం పుట్టింట నిలవలేదు. మెట్టినింట నిలిచింది. నిలిపినవారు వంశపారంపర్య వాద్యకారులు.

వారిలో ప్రధానంగా మూడు ఊళ్ళవారు ఉండేవారు. క్యోతో రాజధానిలో ఓనో, తొయొహారా మొదలైన వంశాలు, నారాలో కోమా వంశం, నేటి ఒసాకాలోని షితెన్నోజి ఆలయంలో హతా వంశపు శాఖలు. కోమా అనేది ప్రాచీన కొరియా రాజ్యమైన కొగుర్యోకు జపాను భాషలో పేరు. హతా వంశీకులు కూడా సముద్రం దాటి వచ్చిన వలసవారి సంతతే. జపాను ఆస్థానసంగీతమని నేడు లోకం గౌరవించే విద్యను కాపాడినవారిలో వలసవచ్చిన కుటుంబాల సంతతి ఇంతమంది ఉన్నారు.

1467 నుంచి 1477 వరకు సాగిన ఓనిన్ యుద్ధంలో క్యోతో తగలబడింది. వాద్యకారులు చెల్లాచెదరయ్యారు. తమతో ఈ విద్య అంతరిస్తుందేమోనన్న భయం ఆ కాలపు రాతల వెనక ఉంది. తొయొహారా వంశపు షో విద్వాంసుడు ఒకడు తనకు తెలిసినదంతా 1512 లో తైగెన్‌షో అనే బృహద్గ్రంథంగా రాసిపెట్టాడు. 16వ శతాబ్దం చివర ఆస్థానం తిరిగి కోలుకొన్నప్పుడు క్యోతోలో మనుషులు చాలలేదు. నారా నుంచి, షితెన్నోజి నుంచి వాద్యకారులను పిలిపించుకోవలసి వచ్చింది. రాజధానిలో చిరిగిన బట్టకు బయటి ఊళ్ళ నూలుతో మాసిక వేశారన్నమాట.

ఆ బయటి ఊరికి ఒకప్పుడు ఉన్న పరువు ఎంతో చెప్పే సాక్ష్యం ఒకటి ఉంది. 14వ శతాబ్దపు రచయిత యోషిదా కెన్కో తన వ్యాససంపుటంలో ఒకచోట, రాజధాని బయట అన్నీ మోటుగా ఉంటాయి గాని షితెన్నోజి నాట్యసంగీతం మాత్రం రాజధానికి తీసిపోదు అన్న అభిప్రాయం చెబుతాడు. దానికి అక్కడి వాద్యకారులు ఇచ్చిన కారణం మరీ బాగుంది. తమ శ్రుతి ఆలయపు గంటతో సరిచూసుకొంటామన్నారు. గంట శ్రుతి చలికీ ఎండకూ మారుతుంది కనుక, ఏడాది పొడుగునా కాక, రెండో చాంద్రమాసంలో బుద్ధనిర్వాణ దినానికీ షోతోకు యువరాజు స్మారకదినానికీ మధ్య ఉన్న కొద్దిరోజుల్లో మోగే నాదాన్నే ప్రమాణంగా తీసుకొంటామన్నారు. శ్రుతి కోసం రాజధాని వైపు చూడకుండా, తమ ఊరి గంటను నమ్మి, ఆ గంట ఏ రోజుల్లో నిజం చెబుతుందో కూడా కనిపెట్టి ఉంచుకొన్నవారు వాళ్ళు.

ఆ స్మారకోత్సవం పేరు షోర్యో-యె. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 22 న జరుగుతుంది. ఆలయంలో చెరువు మీద కట్టిన రాతివేదిక నాలుగు మూలలా పెద్ద ఎర్రని కాగితపు పూలగుత్తులు నిలుపుతారు. ఆ పూల మధ్య గంటల తరబడి నాట్యం, వాద్యం సాగుతాయి.

1870 లో మెయిజీ ప్రభుత్వం కొత్త రాజధాని తోక్యోలో గగాకు శాఖ స్థాపించి మూడు ఊళ్ళ కుటుంబాలను అక్కడికి పిలిపించింది. అంతవరకు ఎవరి రహస్యాలు వారివి. ఒకే పాట మూడు ఊళ్ళలో మూడు విధాలుగా ఉండేది. కలిసి వాయించాలంటే ఒక పాఠం ఒప్పుకోక తప్పలేదు. 1876 లోను 1888 లోను ఎంపికచేసిన పాటలకు ప్రామాణిక స్వరప్రతులు తయారుచేశారు. మేలు జరగలేదని అనలేం. వంశాల గుట్టు వీడింది, సామాన్యులు కూడా నేర్చుకొనే దారి ఏర్పడింది. అయితే ఎంపికలో చోటు దొరకని పాటలు క్రమంగా వాడుక తప్పాయి. ప్రామాణిక వాచకం వచ్చాక ఇళ్ళలో పలుకుబళ్ళు ఎట్లా మూగపోతాయో చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఆ వాద్యకారులే 1874 నుంచి పాశ్చాత్య సంగీతం కూడా నేర్చుకోవలసి వచ్చింది. జపాను జాతీయగీతానికి నేటి వరస 1880 లో వారిలోనుంచే వచ్చింది. చక్రవర్తి గృహశాఖ సంగీతబృందపు గగాకును 1955 లో జపాను ప్రభుత్వం ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. 2009 లో గగాకు యునెస్కో జాబితాలో చేరింది.

మరి కుటుంబాలన్నీ తోక్యో వెళ్ళిపోతే ఒసాకాలో రాతివేదిక ఏమయింది? కొంతకాలం వెలవెలపోయింది. 1884 లో ఊరివారు, భిక్షువులు కలిసి గర్యోకై అనే సంఘం పెట్టుకొని, మిగిలిన విద్యను పోగుచేసి, నేర్చుకొని, తిరిగి నిలబెట్టారు. వాళ్ళు ఆస్థాన వంశాలవారు కారు, సొంత వృత్తులు ఉన్న మామూలు మనుషులు. ఈనాటికీ ఏప్రిల్ 22 న అక్కడ వాయించేది ఆ సంఘమే.

నెమ్మది ఎక్కడిది?

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వద్దాం. ఇంత నెమ్మది మొదటినుంచీ ఉన్నదేనా?

20వ శతాబ్దంలో కొందరు పండితులు కాదన్నారు. జపానులో హయాషి కెన్జో, తరవాత కేంబ్రిడ్జిలో లారెన్స్ పికెన్, ఆయన శిష్యులు పాత స్వరప్రతులను పరిశీలించారు. 966 నాటి వేణువు ప్రతి, 12వ శతాబ్దంలో ఫుజివారా నో మొరొనాగా కూర్చిన తంత్రీవాద్యాల ప్రతులు వారికి ఆధారాలు. పికెన్ బృందం 1981 నుంచి 2000 వరకు 7 సంపుటాలు ప్రచురించింది. వారి సిద్ధాంతం ఇది: తాంగ్ కాలంలో ఇవి చురుకుగా నడిచే, నోట పాడుకోదగిన పాటలు. జపానులో కాలం గడిచినకొద్దీ నడక అనేక రెట్లు నెమ్మదించింది. స్వరానికీ స్వరానికీ మధ్య చోటు పెరిగింది. ఆ చోటును వేణువు, హిచిరికి కొత్త గమకాలతో నింపాయి. ఇప్పుడు మన చెవికి పాటలాగా వినిపించేది ఆ నింపుడే. అసలు పాట షో పలికే స్వరగుచ్ఛాల్లో అడుగు స్వరంగాను, బివా తీగ మీదను ఉండిపోయింది. షో అడుగు స్వరాలను మాత్రం వరసగా ఏరి వేగంగా పాడితే పాత వరస బయటపడుతుంది.

ఈ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. పాతప్రతులు తాళం నడక ఇంత అని నేరుగా చెప్పవనీ, జీవించి ఉన్న సంప్రదాయాన్ని పక్కకు నెట్టి కాగితాన్నే నమ్మడం సరికాదనీ ఎదురువాదన ఉంది. నడక ఎన్ని రెట్లు తగ్గిందన్న లెక్క ఎట్లా ఉన్నా, మార్పు జరిగిందన్నంతవరకు సాక్ష్యం బలంగా ఉందని మా అభిప్రాయం. త్యాగరాజస్వామి కీర్తన ఒకటి శిష్యపరంపరలో సంగతులు పెరుగుతూ ఎంత విస్తరిస్తుందో విన్న చెవికి ఇది నమ్మదగని విషయం కాదు. తిరువయ్యారులో పుట్టిన ఆ తెలుగు కీర్తనలను తెలుగు ఇంటిభాష కాని గాయకులు ఎందరో తరతరాలుగా మోశారు. తంజావూరు దగ్గర మెలట్టూరులో, చుట్టూ తమిళం మాట్లాడే ఊళ్ళో, మెలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగు నాటకాలను నరసింహజయంతి నాళ్ళలో ఆడుతూనే ఉన్నారు. అక్కడి ఉచ్చారణ కోస్తా ఉచ్చారణ కాదు. అయితే ఆ నాటకాలు నిలిచింది అక్కడే.

భాషాశాస్త్రంలో దీనికి దగ్గరి సూత్రం కూడా జపానులోనే దొరుకుతుంది. యనగితా కునియో అనే జానపద పండితుడు నత్తకు ఆ దేశంలో ఉన్న పేర్లన్నీ పోగుచేసి 1930 లో పుస్తకం వేశాడు. పాత రాజధాని క్యోతో చుట్టూ ఒక పేరు, దాని అవతల వలయంలో ఇంకొకటి, ఇట్లా చెరువులో రాయి వేస్తే అలలు లేచినట్లు పేర్లు పరుచుకొని ఉన్నాయి. ఈశాన్యపు కొసన ఉన్న పేరే నైరుతి కొసనా వినిపించింది. నడుమ ఊళ్ళలో కొత్త మాట వచ్చి పాతది పోగా, అంచుల్లో పాతది మిగిలిందని ఆయన నిర్ధారించాడు. ఈ సూత్రం అన్నిచోట్లా అతకదు. అంచుల్లోనూ కొత్త మాటలు పుడతాయి, పొరుగుభాష వచ్చి కలుస్తుంది. అయినా, కేంద్రంలో వినపడని మాట తప్పుమాట అనుకొనేవారికి ఇది చాలినంత జవాబు.

పీక కోసం గడ్డి

ఇదంతా పుస్తకాల్లో భద్రంగా ఉన్న చరిత్ర అనుకోవద్దు. హిచిరికి పీక చేసే గడ్డి ఒసాకాకు దగ్గరలో, యోదో నది ఒడ్డున ఉదోనో అనే చోట పెరుగుతుంది. మన కొల్లేటిలో పెరిగే కిక్కిసకు దగ్గరి జాతి. గోడ మందంగా, గట్టిగా ఉండే ఉదోనో గడ్డినే వాద్యకారులు కోరుకొంటారు. ఏటా చలికాలం చివర ఆ ఎండుగడ్డిని తగలబెడితే, కలుపు చచ్చి కొత్త గడ్డి ఏపుగా లేస్తుంది. 2020 తరవాత కొంతకాలం తగలబెట్టడం ఆగింది. తీగజాతి కలుపు అల్లుకొని గడ్డిని అణిచేసింది. పీకకు పనికివచ్చే కాడలు కరువయ్యాయి. అప్పుడు వాద్యకారులూ చుట్టుపక్కల ఊళ్ళవారూ నదిఒడ్డుకు వెళ్ళి కలుపుతీగలు పెరికారు. అదే చోటి మీదుగా వచ్చే రహదారి నిర్మాణం గురించి కూడా వారికి దిగులు ఉంది. యునెస్కో పట్టిక చేతిలో ఉన్నా, ఒడ్డున గడ్డి లేకపోతే హిచిరికి పలకదు.

మన భాషకు ఆ గడ్డి ఇంట్లో మాటే. పీఠాలు, పరీక్షలు, మా వంటివారి వ్యాసాలు ఆ పట్టిక వంటివి. అవసరమే గాని, వాటితో మాట పలకదు.

ఆ విద్యార్థినికి మేము చివరకు చెప్పిన సమాధానం ఇక్కడ మీ అందరికీ చెబుతున్నాం. మొదటినుంచీ ఇంతే కాదు, మధ్యలో ఇట్లా అయింది. అయినా అసలుదే. పాత వరస కొత్త గమకాల కింద, షో అడుగు స్వరంలాగా సాగుతూనే ఉంది. వినదలచుకొన్నవాళ్ళు దానికోసం చెవి పెట్టాలి. మీ ఇంటి తెలుగులో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీయో కలిసి ఉండవచ్చు. దాని అడుగున ఏ తరం మాట ఉందో మీరు వెతకకుండా ఎవరూ వెతకరు. షితెన్నోజి వాద్యకారులు రాజధానిని అడగకుండా తమ గంటనే విన్నారు. అయితే ఊరికే నమ్మలేదు, అది ఏ రోజుల్లో సరిగా మోగుతుందో పరీక్షించి నమ్మారు. మీరు చెయ్యవలసింది కూడా ఆ రెండు పనులే.

వచ్చే సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి, వంటింటి మాటలు, పొలం మాటలు, పెళ్ళిపాటల పేర్లు, తిట్లతో సహా రాసుకొని రండి. తప్పు అనిపించినవి దిద్దవద్దు. ఎట్లా పలికితే అట్లాగే రాయండి, ఎవరు ఏ ఊళ్ళో పలికారో పక్కన రాయండి. మంచి చెడ్డలు తరవాత అందరం కూర్చుని చూసుకొందాం.